సమురాయ్ ధర్మం చదవాలనుకుంటే

చిరంజీవి హరితకు పెదనాన్న ఆశీస్సులు.

బుషిడో (జపాన్ యోధులైన సమురాయ్‌ల ధర్మం) గురించి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని అడిగావు. ఏది పట్టుకున్నా ముందు ఒకటి చూడమ్మా: రాసినవాడు ఎప్పటివాడు, ఆనాటికి జపాన్‌లో యుద్ధాలున్నాయా లేవా అని.

అందరూ నీ చేతిలో పెట్టేది నిటోబే ఇనాజో 'బుషిడో'. 1900లో అమెరికాలో అచ్చయింది, రాసిందే ఇంగ్లీషులో. సమురాయ్‌లు నడుముకి కత్తి కట్టుకుని తిరగకూడదని 1876లోనే శాసనం వచ్చేసింది. నిటోబే సమురాయ్ ఇంట పుట్టి క్రైస్తవుడైన పెద్దమనిషి. మా దేశానికీ ఒక నీతి ఉందని పాశ్చాత్యులకు నచ్చజెప్పడానికి రాశాడు, అందుకే అడుగడుగునా యూరప్ పోలికలు. బాగుంటుంది, కానీ చివర్లో చదువు.

మొదట 'హేయికే' కథ చదువు, తైరా, మినమొతో అనే రెండు వంశాల పోరు కథ అది. గుడ్డి గాయకులు బీవా అనే తంత్రీవాద్యం మీటుతూ ఊరూరా పాడిన గాథ. 1184లో ఇచినొతాని యుద్ధంలో కుమగాయి అనే యోధుడు సముద్రపు ఒడ్డున ఒక శత్రువును కిందపడేసి శిరస్త్రాణం ఎత్తి చూస్తాడు. తన కొడుకు ఈడు కుర్రాడు, పేరు అత్సుమోరి. వదిలేద్దామంటే వెనక తనవాళ్లే వచ్చేస్తున్నారు, వాళ్లెలాగూ వదలరు. ఏడుస్తూనే తల నరుకుతాడు. కుర్రాడి దగ్గర ఒక వేణువు దొరుకుతుంది. తర్వాత కుమగాయి సన్యాసం పుచ్చుకున్నాడు. నియమాల జాబితా ఏదీ ఈ ఘట్టం చెప్పినంత చెప్పదు.

ఆ తర్వాత 'హగాకురే'. నీ స్నేహితులు గోడలకు అంటించుకునే 'సమురాయ్ మార్గమంటే చావే' అన్న మాట ఇందులోదే. చెప్పింది సాగా సంస్థానంలో కొలువు చేసిన యమమొతో త్సునెతొమో. ఒక్క యుద్ధమూ చూడనివాడు! 1700లో ప్రభువు చనిపోతే తానూ ప్రాణం తీసుకుని వెంట పోదామనుకున్నాడు; అప్పటికే అలా చావడం మీద నిషేధం ఉంది. గుండు చేయించుకుని కుటీరంలో కూర్చుని చెబుతుంటే, ఇంకొకడు 1716 దాకా రాసుకున్నాడు. చావు గురించి అంత గంభీరంగా చెప్పినవాడే నలుగురిలో ఆవలింత వస్తే ఎలా ఆపుకోవాలో కూడా చెప్పాడు: నుదుటిని చేత్తో పైకి రుద్దుకోవాలట! చనిపోయిన ప్రభువు కోసం పగ తీర్చుకున్న నలభై ఏడుగురు రోనిన్లను, అంటే ప్రభువు లేని సమురాయ్‌లను, లోకమంతా మెచ్చుకుంటే ఈయన తప్పుపట్టాడు. పగ తీర్చుకోవడానికి అన్నాళ్లు ఆగితే, ఈలోగా శత్రువు జబ్బుచేసి చచ్చిపోయుంటే ఏం చేసేవారని. ఇది ఉద్యోగం తప్ప యుద్ధం దొరకని మనిషి ఆవేదన అని నాకనిపిస్తుంది. 1930లలో సైనికవాదులు దీన్నే నెత్తిన పెట్టుకున్నారు, అదీ గుర్తుంచుకో.

దీని పక్కనే కత్సు కొకిచి ఆత్మకథ పెట్టుకో. 1843లో రాశాడు. చిన్నప్పుడే ఇల్లొదిలి పారిపోయి దారిలో అడుక్కుతిన్నాడు, పెద్దయ్యాక కత్తుల బేరాలు, వీధి కొట్లాటలు. ఈయనా సమురాయే. పగలబడి నవ్వుతావు.

నిజంగా కత్తి తిప్పినవాడి మాట కావాలంటే ముసాషి అనే కత్తివీరుడి 'అయిదు వలయాలు' ఉంది, 1645 నాటిది. అందులో నీతి తక్కువ; ఎలా నిలబడాలి, ఎదుటివాడి లయ ఎలా తప్పించాలి, అంతే. తొందరేం లేదు.

'హేయికే'లో పేర్లు తికమకపెడతాయి. మొదటి పేజీలోనే తైరా వాళ్లను ఒక వైపు, మినమొతో వాళ్లను ఇంకో వైపు పెన్సిల్‌తో రాసుకో. అత్సుమోరి తైరా, కుమగాయి మినమొతో పక్షం. మిగతావాళ్లను చదువుతూ చేర్చుకుంటూ పో.

ఇట్లు,
పెదనాన్న