దగ్గరి జాతి మగ ఈగల్ని వదిలితే జాంకాయల్లో పురుగు పోతుందా?

కాయలో గుడ్లు పెట్టి పురుగు పట్టించే పండు ఈగ మీదకి దాని దగ్గరి జాతి మగ ఈగల్ని వదిలితే గొడ్డు సంతానం పుట్టి ఈగలు ఆగిపోతాయట, పెరట్లో చేసుకోవచ్చా అని అడిగారు కదా. పెరట్లో కుదరదండి, నేను దీనికన్నా తేలికైనదే చేసి బోర్లాపడ్డాను.

మాది పెందుర్తి వైపు, ఉన్నది ఒకటే జాంచెట్టు. వానాకాలం కాపు పైకి నిగనిగలాడతాది, కోస్తే లోపల తెల్ల పురుగులు, ప్లేట్లో పెడితే ముడుచుకుని టప్పుమని ఎగురుతాయి, మా గుంటడు అప్పట్నుంచి జాంకాయ ముట్టడు. రెండేళ్ళ కింద మిథైల్ యూజినాల్ ట్రాప్, అంటే వాసనతో ఈగల్ని లాగే మందు డబ్బా, కొని కట్టాను, వారం తిరక్కుండా డబ్బా అడుగంతా చచ్చిన ఈగలే, ఏటో సాధించేశాననుకున్నాను. తీరా కాయ కోస్తే మళ్ళీ పురుగే! ఆ వాసనకి వచ్చేవి మగవే, ఆడవాటన్నిటికీ మిగిలిన నాలుగు మగవి చాలు, పైగా పక్కింటి మామిడి మీద జతకట్టేసిన ఆడవి గోడ దాటొచ్చి మన కాయలో గుడ్లు పెడతాయి.

మీరడిగింది దీనికి తిరగేసి. మగవాటిని చంపరు, పనికిరాని మగవాటిని లెక్కకు మించి వదుల్తారు, ఆడవి వాటితో జతకట్టి మోసపోతాయి. మామూలుగా రేడియేషన్‌తో గొడ్డు చేస్తారు, పశువుల పుండ్లలో గుడ్లు పెట్టే స్క్రూవర్మ్ ఈగని 1954లో కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో అలాగే లేకుండా చేశారు, చుట్టూ సముద్రం కాబట్టి కొత్తవి గోడ దాటి రాలేదు. దగ్గరి జాతివైతే రేడియేషన్ కూడా అక్కర్లేదు. 1944లో ఇప్పటి టాంజానియాలో వాండర్‌ప్లాంక్ అనే ఆయన ఒక జాతి సెట్సీ ఈగలు (రక్తం తాగే ఆఫ్రికా ఈగలు) ఉన్న చోటికి ఇంకో జాతి ప్యూపాలు, అంటే ఈగగా మారే ముందు గూళ్ళు, లక్ష దాకా తెచ్చి వదిలాడు. రెండూ తేడా తెలీక జతకట్టేశాయి, పుట్టిన వాటిలో మగవి గొడ్డువి, ఆడవి కూడా కొంతవరకు అంతే, అక్కడి జాతి కూలిపోయింది. మరి తెచ్చినవి తిష్ట వెయ్యవా అంటే ఆ ఎండు నేల వాటికి పడదు, అవీ పోయాయి. అసలు కిటుకు ఇక్కడే ఉందని నాకనిపిస్తది.

మన దగ్గర చూడండి, ఈ పండు ఈగకి చుట్టాలైన జామ ఈగ, పీచ్ ఈగ కూడా మన కాయల్ని పాడుచేసేవే, వాటి మగవీ ఇదే ట్రాప్‌లో పడతాయి. వాటిని తెచ్చి వదిలామనుకోండి, ఒక్క ఆడది కలిసొచ్చినా దొంగకి తాళాలిచ్చినట్టే.

ఇప్పుడు నేను చేసేదల్లా రాలిన కాయల్ని రోజూ ఏరి పాలిథీన్ కవర్లో బిగించి ఎండలో పడెయ్యడం, చెట్టు మీద కాయలకి పేపర్ కవర్లు కట్టడం. పచ్చిగా చిన్నగా ఉన్నప్పుడే కట్టండి, రంగు తిరిగాక కడితే గుడ్లు అప్పటికే లోపలుంటాయి, మొదటేడు నేను కట్టిన నలభై కవర్లూ అలాగే దండగయ్యాయి.