మడికి మళ్లీ నీళ్లెప్పుడు? గొట్టంలో చూడండి

పైన నీళ్లు ఇంకగానే టెన్షన్ పడి మోటార్ వేస్తున్నాను, ఎంతవరకు ఆగొచ్చని అడిగారు కదా. పైన చూస్తే తెలియదండీ, కింద చూడాలి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పే పద్ధతి ఇది: 30 సెంటీమీటర్ల పీవీసీ పైపు ముక్కకు కింది సగం చుట్టూ రంధ్రాలు వేసి, ఆ సగాన్ని మడిలోకి దించండి. లోపలి మట్టి మొత్తం తీసేయండి (చాలామంది ఇదే మర్చిపోతారు). గొట్టంలో నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మడిలో 5 సెంటీమీటర్ల మేర నీళ్లు పెట్టండి. వేళ్లకు అప్పటిదాకా తేమ అందుతుంది. నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టండి. కలుపు ఎక్కువుంటే ఇంకొన్నాళ్లు ఆగండి. పూత దశలో మాత్రం ఆరబెట్టొద్దు, తాలు గింజలొస్తాయి.