గుమ్మంలోనే మార్కులు అడగకండి

ప్రశ్న: మాది తిరుపతి. మా ఆయనకు అలిపిరి దగ్గర టిఫిన్ బండి ఉంది. పాప సీనియర్ ఇంటర్ బైపీసీ, నీట్‌కు చదువుతోంది. మొదట్లో వారం పరీక్షల్లో 720కి 430 దాకా వచ్చేవి, ఇప్పుడు 350 దాటడం లేదు. ఫిజిక్స్ అంటేనే భయం. రాత్రి ఒంటి గంట దాకా పుస్తకం పట్టుకునే ఉంటుంది. మొన్న మార్కుల మెసేజ్ వాళ్ల నాన్న ఫోన్లోంచి తీసేసిందని తెలిసి గట్టిగా అరిచాను. వాళ్ల పెద్దమ్మ కొడుకు మెడిసిన్ చదువుతున్నాడు, ఆ మాట కూడా ఎత్తాను. నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. సీటు వస్తే మెట్లెక్కి వస్తానని స్వామికి మొక్కుకున్నాను. నేను పదో తరగతి దాకానే చదివాను. దానికి ఎలా సాయం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ మెసేజ్ సంగతి. మీరు దాన్ని అబద్ధం కింద లెక్కేశారు. నాకైతే అది భయంలా కనిపిస్తోంది. మార్కులు తగ్గిన సంగతి ఆమెకు మీకంటే ముందే తెలుసు. ఆదివారం పరీక్ష రాసి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే మీరు అడిగే మొదటి మాట ‘ఎన్నొచ్చినాయి?’ అయ్యుంటుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. సలహాలు చెప్పే నేనే మా అబ్బాయిని గుమ్మంలో నిలబెట్టి అడిగేదాన్ని. వాడు కొన్నాళ్లకు వెనక తలుపు నుంచి రావడం మొదలుపెట్టాడు.

ఈ రాత్రే మాట్లాడండి. ‘ఆరోజు అరిచాను, పెద్దమ్మ కొడుకు మాట ఎత్తడం నాదే తప్పు’ అని చెప్పి ఊరుకోండి. దాని వెనకే ‘కానీ నువ్వు కూడా...’ అని అందుకోకండి.

ఇక సాయం. మీకు ఫిజిక్స్ రాకపోయినా ఫర్వాలేదు. ఒక రూళ్ల నోటు కొనివ్వండి. పరీక్షలో తప్పు పోయిన ప్రశ్నలు మాత్రమే అందులో రాసుకోమనండి. పక్కన ఒక ముక్క: తెలియక పోయిందా, తెలిసీ లెక్కలో పొరపాటు చేసిందా, ప్రశ్న సరిగా చదవలేదా. ‘తప్పు వాక్యం ఏది’ అని అడిగితే కంగారులో ఒప్పు వాక్యానికి బబుల్ దిద్ది వచ్చే పిల్లలు చాలామంది. నాలుగు వారాల నోటు చూస్తే మార్కులు ఎక్కడ కారిపోతున్నాయో ఆమెకే తెలుస్తుంది. వారానికి ఒకసారి మీరు దోసెల పిండి రుబ్బుతూనో, పల్లీలు ఒలుస్తూనో ‘ఇందులో ఒకటి నాకు చెప్పు’ అనండి. మీకు అర్థం కానవసరం లేదు. పైకి చెప్పబోయి తడబడిన చోటే తనకు రాని చోటు.

నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. అందులో 90 బయాలజీవే, అంటే సగం మార్కులు. ఫిజిక్స్ 45 ప్రశ్నలు. ఫిజిక్స్ భయంతో బయాలజీ పక్కన పెట్టేసి ఉంటే మార్కులు పడిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు, అడిగి చూడండి. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కాబట్టి బొత్తిగా తెలియనిది వదిలేయాలి. అదే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో నెగటివ్ మార్కులు లేవు, అక్కడ ఒక్కటీ ఖాళీగా వదలకూడదు. రెండూ రాసే పిల్లలు ఈ తేడా మరిచిపోతుంటారు.

ఒంటి గంట దాకా చదవడం నాకు నచ్చలేదు. నీట్ జరిగేది మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. రాత్రి మేలుకున్న పిల్లకు అన్నం తిన్నాక సరిగ్గా ఆ వేళకే కళ్లు మూతలు పడతాయి. పదకొండుకు లైటు తీయించండి. సెలవు రోజుల్లో మోడల్ పేపరు 2 గంటలకే మొదలుపెట్టించండి, బబుల్స్ దిద్దడంతో సహా. ఆ మూడు గంటలు టీవీ ఆపి, వచ్చే చుట్టాలను సాయంత్రం రమ్మని చెప్పడం మీ పని. నిజానికి మీరు చేయగల పెద్ద సాయం ఇదే.

ఎంబీబీఎస్ ఒక్కటే దారి అన్నట్టు ఇంట్లో మాట్లాడకండి. ఈఏపీసెట్‌తో బీఎస్సీ అగ్రికల్చర్, ఫార్మసీ ఉన్నాయి. వ్యవసాయ కళాశాల మీ ఊళ్లోనే ఉంది, ఒక రోజు తీసుకెళ్లి చూపించండి. లాంగ్‌టర్మ్, అంటే మళ్లీ ఏడాది కోచింగ్ మాట, ఫలితాలు వచ్చేదాకా ఎత్తొద్దు.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అన్నం మానేసినా, రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, ‘నేను లేకపోతే మీకు బాధ ఉండదు’ లాంటి మాట నోట వచ్చినా ఆమెను ఒంటరిగా వదలకండి, వెంటనే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు అది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు.

మొక్కు మీ ఇష్టం. కానీ దాన్ని సీటుకు ముడిపెట్టి ఆమె చెవిన వేయకండి, ఉన్న బరువు చాలు. నన్నడిగితే పరీక్ష అయిన వారంలో, ఫలితాలు రాకముందే, ఇద్దరూ కలిసి తెల్లవారుజామున అలిపిరి నుంచి మెట్లెక్కండి. గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చోండి. పేపరు ఎలా రాసిందో ఆమె చెబితే వినండి, చెప్పకపోతే అడగకండి.