అడగండి, చెబుతాం

ప్రశ్న: పొగడ్త అబద్ధమని తెలిసి కూడా పెద్దలు ఎందుకు నమ్ముతారు?

జవాబు: నమ్మరండీ. పొగడాల్సిన అవసరం మీకు ఇంకా ఉందని ఖాయం చేసుకుంటారు.

ప్రశ్న: మీటింగులో అందరూ పైఅధికారి మాటకు తలూపుతారు, బయటికొచ్చి ఆయన్నే తిట్టుకుంటారు. లోపల ఒక్కరూ నోరెత్తరేం?

జవాబు: పిరికితనం అనేసి ఊరుకోవచ్చు. కానీ 1951లో సాల్మన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో అసలు పైఅధికారే లేడు. మూడు గీతల్లో ఏది నమూనా గీతంత పొడవుందో చెప్పాలి, అంతే. విడిగా అడిగితే దాదాపు ఎవరూ తప్పు చెప్పలేదు. చుట్టూ ఉన్నవాళ్లు కూడబలుక్కుని తప్పు చెప్పినప్పుడు మాత్రం దాదాపు మూడోవంతు జవాబులు గుంపు వెంట పోయాయి. గీతలకే ఇలాగైతే ప్రమోషన్ల సంగతి చెప్పాలా!

గుంపులో ఒక్కడు నిజం పలికితే ఆ తప్పులు బాగా తగ్గిపోయాయి. వాడు మధ్యలో ఫిరాయిస్తే మళ్లీ మొదటికొచ్చాయి. కాబట్టి ముందురోజే ఒక తోడును వెతుక్కోండి. తెలివైనవాడు కాకపోయినా ఫరవాలేదు, చివరిదాకా నిలబడాలి. మీ తర్వాత వెంటనే మాట్లాడతానని మాట తీసుకోండి. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఆలోగా అధికారి ముఖం చూసి అందరూ సర్దుకుంటారు.

మీరే అధ్యక్షులైతే మీ మాట చివర చెప్పండి. ప్రాచీన యూదుల న్యాయసభలో మరణశిక్ష కేసుల్లో చిన్నవారి అభిప్రాయమే ముందు అడిగేవారు, పెద్దల మాట విన్నాక ఎదురు చెప్పలేరని. చీటీలు రాయించే పద్ధతీ మంచిదే. అయితే అయిదారుగురే ఉంటే దస్తూరీ దొరికిపోతుంది, టైపు చేయించండి. ‘అభ్యంతరాలున్నాయా?’ అంటే ఎవరూ చెప్పరు. ‘ఏడాదికి ఇది చెడిందనుకోండి, ఎందుకు చెడి ఉంటుంది?’ అని అడిగి చూడండి.

ప్రశ్న: పని తగ్గినా సిబ్బంది ఎందుకు పెరుగుతారు?

జవాబు: 1955లో పార్కిన్సన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు చూపించిన లెక్క ఇది: 1914 నుంచి 1928 మధ్య బ్రిటిష్ నౌకాదళంలో పెద్ద యుద్ధనౌకలు 62 నుంచి 20కి తగ్గాయి, నౌకాశాఖ కార్యాలయ అధికారులు 2,000 నుంచి 3,569కి పెరిగారు. పని ఎక్కువైందనుకున్న అధికారి సగం పంచుకునే సమానుణ్ణి అడగడు, వాడు రేపు పోటీ అవుతాడు. కిందివాళ్లను ఇద్దర్ని అడుగుతాడు. ఒక్కడైతే వాడూ సమానుడైపోతాడు. ఆ ఇద్దరి కాగితాలు దిద్దడంతో ఆయనకు నిజంగానే తీరిక ఉండదు. కొత్త పోస్టు అడిగినప్పుడు ఒకటి చూడండి: అక్కడ తయారయ్యే కాగితం బయటి మనిషికి చేరుతుందా, పక్కగదికా? పక్కగదికే అయితే మంజూరు చేయకండి.