సంఘంలో కొందరిని చూస్తే కోపం ఆగట్లేదు, క్రైస్తవ కనికరం చూపించేదెలా?

"మా సంఘంలో ఒకావిడ ప్రతి ఆదివారం ఆలస్యంగా వస్తుంది, వచ్చి నిద్రపోతుంది, కనికరపడాలని తెలిసినా కోపం ఆగట్లేదు" అని అడిగారు మీరు. చదవగానే మనసు కలుక్కుమంది. ఏడేళ్ల కిందట నాకూ అచ్చం ఇదే కోపం ఉండేది.

మాది విశాఖ వన్‌టౌన్. ఆరాధన తొమ్మిదిన్నరకి. ఆవిడ పదకొండు దాటాక, ప్రసంగం సగంలో వచ్చేది. చాప చివర కూర్చుని, పది నిమిషాల్లో గోడకి తల ఆనించి నిద్రపోయేది. పక్కన కూర్చుంటే చేపల వాసన. ఒక ఆదివారం నేనే భుజం తట్టి లేపి, "దేవుని సన్నిధిలో నిద్రేంటమ్మా, ఇంట్లో పడుకుని రావచ్చు కదా" అన్నాను, పదిమంది ముందు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని నిటారుగా కూర్చుంది.

ఆ డిసెంబరులోనే ఒక ఆదివారం మా ఇంటికి చుట్టాలొస్తున్నారని, వంజరం తాజాగా దొరుకుతుందని నేనూ మా ఆయనా తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బరుకి వెళ్లాం. అయిదు కాలేదు, ఇంకా చీకటే. బోట్ల మీంచి దింపిన చేపల్ని నేల మీద కుప్పలు పోసి వేలం పాట పాడుతున్నారు. ఆ గుంపులో ఆవిడ! చీర ఎగ్గట్టి, ఐసునీళ్లలో నిలబడి, కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెడుతోంది. వేళ్లు నాని, తెల్లగా ముడతలు పడిపోయాయి.

"అమ్మా, మీరేటిలా వొచ్చారు?" అని నవ్వింది. ఆదివారం కూడా పనేనా అన్నాను.

"ఆదివారమే కదమ్మా చేప పోయేది. మిగతా రోజులు సగం తట్ట మిగిలిపోద్ది. రేత్తిరి రెండింటికి లెగిసాను. అమ్మీసి, ఇంటికెళ్లి నీళ్లు పోసుకుని వొద్దారంటే ప్రార్థన అయిపోద్ది. అందుకే తిన్నగా వొచ్చీస్తన్నాను."

తిన్నగా వస్తోంది కాబట్టే ఆ వాసన. ఆ పొద్దున్న అప్పుగా చేతికిచ్చిన తొమ్మిది వందలకి సాయంత్రం వెయ్యి కట్టాలని కూడా అప్పుడే తెలిసింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం కదా. ఆ రోజుల్లో ఆవిడ తొమ్మిదిన్నరకల్లా వచ్చి, మెలకువగా కూర్చుని పాటలన్నీ పాడేది. నేను చూశాను. చూసి, "మనసు పెడితే రాగలదన్నమాట" అనుకున్నాను. చేతిలో పని లేక వచ్చిందేమో, ఇంట్లో పొయ్యి వెలుగుతోందో లేదో అని ఒక్కసారి తట్టలేదు. ఈ ఊళ్లో పుట్టిపెరిగిన దాన్ని, వేట నిషేధం సంగతి తెలియనిదాన్నా?

మన ప్రసంగాల మీద కూడా నాకు ఫిర్యాదుంది. యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో బావి దగ్గర యేసుని కలిసిన సమరయ స్త్రీ అనగానే ఆ అయిదుగురు పెనిమిట్ల దగ్గరే ఆగిపోతాం. ప్రభువు అక్కడ మొదలుపెట్టలేదు. పన్నెండు గంటల ఎండలో, అలిసిపోయి బావి దగ్గర కూర్చుని, ముందు దాహానికి నీళ్లడిగాడు. మనమైతే పాపం దగ్గర మొదలుపెడతాం. ఇంకొకటి, ప్రార్థన మనవి పేరుతో ఒకరి కష్టాన్ని మైకులో చెప్పడం. అది సోమవారానికి వీధంతా తిరుగుతుంది. కష్టం తెలుసుకోవడం అంటే అది కాదు. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మురికి బట్టల వాడికి పాదపీఠం దగ్గర చోటు అని రాసింది మన చాప చివర గురించే అని నా గట్టి నమ్మకం.

అసలు తొమ్మిదిన్నర ఎవరికి వీలైన టైము? ఆదివారం సెలవున్నవాళ్లకి. చేపలమ్మేవాళ్లకీ, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లకీ, ఆస్పత్రి ఆయాలకీ సాయంత్రం ఆరాధన పెట్టాలని సంఘ పెద్దల్ని మూడుసార్లు అడిగాను. ఇంకా తేల్చలేదు. మళ్లీ అడుగుతాను.

మీరు ముందు ఆవిడ ఎన్నింటికి లేస్తుందో కనుక్కోండి. అందరి ముందు వద్దు, బయట చెప్పులు వేసుకునేటప్పుడు అడగండి.

నేను ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. ఇప్పుడు చాప చివర ఆవిడ పక్కనే కూర్చుంటాను, నిద్రపోతే లేపను. ప్రభురాత్రి భోజనం ఉన్న ఆదివారం మాత్రం రొట్టె మా వరసకి వచ్చేముందు చేతి మీద మెల్లగా తడతాను. అలా లేపమని ఆవిడే అడిగింది.