ముసురులో చేపలు నోళ్లు తెరిస్తే ఎరువు వేయొద్దు

ప్రశ్న: మాది కైకలూరు మండలం. 6 ఎకరాల చెరువులో శీలావతి, బొచ్చె పెంచుతున్నాం. నాలుగు రోజులుగా ముసురు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ నాచు, జీవులు) తగ్గి ఆకలితో వస్తున్నాయని, కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ వేయమని డీలర్ చెప్పారు. ఎంత వేయాలి? ఏ కాలంలో ప్లాంక్టన్ ఎలా ఉంటుంది?

జవాబు: గుప్పెడు కూడా వేయకండి. అది ఆకలి కాదు, ఆక్సిజన్ చాలకపోవడం. ఆకలేసిన చేప మేత సంచుల దగ్గర తిరుగుతుంది. పొద్దు పొడవకముందే చెరువంతా నోళ్లు తెరవదు. నీటి రంగు మీరు రాయలేదు కానీ, చిక్కటి ఆకుపచ్చగా ఉండి ఉంటుంది. మీ చెరువులో ప్లాంక్టన్ తగ్గలేదు, మితిమీరింది. పగలు ఎండ ఉంటేనే అది ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా వాడుకుంటుంది. మబ్బు పడితే లోటే.

ఈ రోజే మేత, ఎరువు ఆపండి. రాత్రి 12 నుంచి ఎండ వచ్చేదాకా ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిప్పండి. లేకపోతే ఇంజనుతో ఆ నీటినే పైనుంచి చిమ్మండి. చెరువు నీటిలో పావు వంతు అడుగు నుంచి తీసి కొత్త నీరు పెట్టండి. నాచును చంపే మైలుతుత్తం జోలికి వెళ్లొద్దు. నాచు ఒకేసారి చచ్చి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది. చేపలు తేరుకున్నాక సగం మేతతో మొదలుపెట్టండి.

డిసెంబరు, జనవరిలో చలికి ప్లాంక్టన్ నెమ్మదిస్తుంది. నీరు తేటపడిందని అప్పుడు ఎరువు పెంచుతారు. అది కుళ్లక అడుగున పేరుకుంటుంది. ఫిబ్రవరి, మార్చిలో నీరు వేడెక్కగానే ఆ సారమంతా ఒక్కసారి విడుదలై వేసవికి నీలి ఆకుపచ్చ నాచు తెట్టు కడుతుంది. మనం చూసే చేటు చాలావరకు ఇలా వచ్చిందే. వానలు తగ్గి ఎండ కాసే అక్టోబరు, నవంబరులో ప్లాంక్టన్ మళ్లీ బాగా పెరుగుతుంది.

అందుకే నెల చూసి కాదు, నీరు చూసి వేయాలి. 20 సెం.మీ. రేకు బిళ్లను నలుపు, తెలుపు భాగాలుగా రంగేసి, గుర్తులు పెట్టిన తాడుకు కట్టండి. ఉదయం 10–11 గంటల మధ్య దించి, కనిపించకుండా పోయే లోతు రాసుకోండి. 25–40 సెం.మీ. అయితే ఏమీ వేయక్కర్లేదు. 45 దాటి, ఎండ కూడా ఉంటే ఎకరాకు నెలకు యూరియా 7, సూపర్ 10 కిలోలు, రెండు దఫాలుగా వేయండి. 20 లోపైతే ఎరువు బంద్.

బిళ్ల దించి చూడకుండా గట్టు మీద నిలబడి సూపర్ రాసిచ్చే డీలర్ మాట వినకండి. చేపలు పోతే నష్టం మీది. తెల్లవారుజామున, మధ్యాహ్నం 3 గంటలకు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) చూడండి. తేడా 1 దాటితే నాచు ఇంకా ఎక్కువే ఉన్నట్టు, నీరు మార్చడం కొనసాగించండి.