స్పోర్ట్స్ కారు మఫ్లర్‌ను ఇంట్లోనే మార్చుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి ఏడాదిన్నర అయింది, వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2018 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. ఇంకా తెలంగాణ నంబరుతోనే తిరుగుతోంది. బేస్‌మెంట్ ర్యాంపుకు రాసుకుని రాసుకుని వెనకున్న రెండు మఫ్లర్ల (సైలెన్సర్ల) అతుకులు విడిపోయాయి, చప్పుడు బాగా పెరిగింది. కొత్తవి తెప్పించుకుని మా బావమరిదీ నేనూ ఇంటి దగ్గరే మార్చుకుందామనుకుంటున్నాం. ఒరిజినల్ వాటికంటే తక్కువ ధరలో, కాస్త గంభీరమైన సౌండ్ వచ్చేవి ఆన్‌లైన్‌లో చూశాను. ఆర్టీఓ అనుమతి తీసుకోవాలా? బేస్‌మెంట్‌లో రిపేర్లు చేస్తే పోలీసులకు చెబుతామని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. పాడైన మఫ్లర్‌ను విప్పి, అదే రకం కొత్తది బిగించుకోవడం మరమ్మతు మాత్రమే. దానికి ఆర్టీఓ అనుమతి అక్కర్లేదు. సొంత కారుకు సొంతదారు ఈ పని చేసుకోకూడదని చట్టంలో ఎక్కడా లేదు. పానా ఎవరు పట్టుకున్నారో చట్టానికి అనవసరం. పని పూర్తయ్యాక కారు కింద ఏం బిగించి ఉందన్నదే దానికి కావాలి. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట 'గంభీరమైన సౌండ్' అన్నదే.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలో మార్పుల గురించి చెబుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మార్పు అంటే వాహన నిర్మాణంలో చేసే, దాని మౌలిక స్వరూపాన్నే మార్చే పని అని ఆ సెక్షనే వివరణ ఇచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ హైకోర్టు తీర్పును కొట్టేస్తూ, ఈ సెక్షన్‌ను గట్టిగా అమలు చేయాల్సిందేనని చెప్పింది. అయితే ఒరిజినల్ తీసి ఒరిజినల్ పెడితే మారేదేమీ లేదు కాబట్టి ఆ తీర్పు మీకు అడ్డు కాదు.

ఇక్కడే చాలామంది నాతో వాదనకు దిగుతారు. ఆర్‌సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, ఇంధనం ఉంటాయి తప్ప మఫ్లర్ ఊసే ఉండదు కదా, వేరే కంపెనీది పెడితే తప్పేంటి అని. 52వ సెక్షన్ వరకే చూస్తే ఆ వాదనలో కొంత బలం ఉంది, కోర్టులో నేనూ అది వినిపిస్తాను. కానీ మిమ్మల్ని పట్టుకునేది ఆ ఒక్క సెక్షనే కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ పొగగొట్టం చప్పుడును వీలైనంత తగ్గించే సైలెన్సర్ ఉండాలి. శబ్ద ప్రమాణాలకు తగ్గట్టే బండి తయారవ్వాలి, అలాగే కొనసాగాలి కూడా. ఆ ప్రమాణాలను ఉల్లంఘించిన బండిని రోడ్డు మీద నడిపితే 190(2) సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డ్రైవింగ్ లైసెన్సుకు మూడు నెలల అనర్హత దీనికి అదనం. ఇక చట్టం ఒప్పుకోని విడిభాగాలు బిగించి బండిని మార్చిన యజమానికి 182ఏ(4) సెక్షన్ ఉంది. ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ ఇది. మీవి రెండు మఫ్లర్లు. మార్పు ఒకటా రెండా అని కోర్టులో తేల్చుకునే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి?

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. పెట్రోలు కారుకు ఆ పరీక్షలో పొగలోని కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ల వంటివి చూస్తారు, చప్పుడు కొలవరు. మీ మఫ్లర్లు పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు వెనకాల ఉంటాయి. అందుకే ఎంత గోల చేసే మఫ్లర్ పెట్టినా పీయూసీ వచ్చేస్తుంది. అది చూపిస్తే శబ్దం కేసు పోదు. ఆ కన్వర్టర్ జోలికి మాత్రం పోకండి. అది తీస్తే ఉద్గారాల ఉల్లంఘన కూడా నెత్తిన పడుతుంది.

ఫోన్‌లో యాప్ పెట్టి కొలిచాను, 74 డెసిబెళ్లలోపే ఉంది అనేవాళ్లున్నారు. ప్రయాణికుల కార్లకు చెప్పే ఆ 74 తయారీ దశ పరీక్షకు పెట్టిన పరిమితి. ఐఎస్ 3028 ప్రమాణం ప్రకారం నిర్ణీత పద్ధతిలో కారును నడిపిస్తూ కొలుస్తారు. పార్కింగ్‌లో కొలిచిన అంకె మీకు సాక్ష్యంగా పనికిరాదు. అదే నియమం పోలీసులకూ వర్తిస్తుంది. ఏ కొలతా లేకుండా, చెవికి ఎక్కువనిపించిందని రాసిన చలానాను కోర్టులో ప్రశ్నించవచ్చు. ప్రశ్నించదలిస్తే డబ్బు కట్టేయకండి. కడితే తప్పు ఒప్పుకుని రాజీపడినట్టే. మఫ్లర్‌ను స్వాధీనం చేసుకుంటే మహజరు (స్వాధీన పత్రం) కాపీ అడిగి తీసుకోండి, దాని ఆధారంగానే తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటును కోరగలం. విశాఖలో పోలీసులు సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు మీరూ చూసే ఉంటారు. అక్కడిదాకా వెళ్లాక వాదనకు మిగిలేది తుక్కే.

కాబట్టి కొనేటప్పుడే జాగ్రత్తపడండి. బాక్సు మీద రేసింగ్‌కు మాత్రమే అని ఉన్నది కొనవద్దు, ఆ మాటే మీకు వ్యతిరేక సాక్ష్యం. బిల్లు మీద పార్ట్ నంబరు ఉండేలా చూసుకోండి. విప్పకముందు, బిగించాక ఫొటోలు తీయండి. విడిపోయిన పాత మఫ్లర్లను వెంటనే పాత సామాన్లవాడికి వేయకుండా కొన్నాళ్లు ఉంచండి. చివరి గొట్టం వెనక్కి గానీ కుడివైపుకి గానీ తిరిగి ఉండాలి, కిందకీ ఎడమకీ కాదు. గొట్టం ఇంధన పైపుకు 35 మిల్లీమీటర్లలోపు రాకూడదన్న నిబంధన కూడా ఉంది. రబ్బరు హ్యాంగర్లు సాగిపోయి ఉంటే అవి కూడా మార్చేయండి.

ఇన్సూరెన్స్ సంగతి. మీ కారు వల్ల మూడో మనిషికి దెబ్బ తగిలితే, మఫ్లర్ మార్చారన్న కారణంతో కంపెనీ అతనికి పరిహారం ఎగ్గొట్టలేదు. 150వ సెక్షన్‌లో కంపెనీకి ఇచ్చిన కొద్దిపాటి మినహాయింపుల్లో అది లేదు. మీ సొంత డ్యామేజీ క్లెయిమ్ దగ్గర మాత్రం, ముఖ్యంగా కారు వెనక భాగంలో మంటలు లేచిన కేసులో, చెప్పకుండా మార్పులు చేశారని మొండికేస్తారు. అప్పుడు పార్ట్ నంబరున్న ఆ బిల్లే మిమ్మల్ని కాపాడుతుంది.

మీ బావమరిది గురించి ఒక మాట తప్పకుండా చెప్పాలి. టైరు మార్చడానికి వాడే జాకీ ఒక్కదాని మీద కారు నిలబెట్టి అతన్ని కిందకు పంపకండి. జాకీ జారి ప్రాణం పోతే, భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ కింద నిర్లక్ష్యపు మరణం కేసు, ఐదేళ్ల దాకా శిక్ష. సొంతవాళ్లే కదా అని ఆ కేసు ఆగదు. చదునైన నేల మీద రెండు వైపులా జాకీ స్టాండ్లు వేసి, ముందు చక్రాలకు అడ్డం పెట్టి, గొట్టాలు పూర్తిగా చల్లారాకే క్లాంపు బోల్టుల మీద చేయి వేయండి.

అసోసియేషన్ వాళ్ల మాటను కొట్టిపారేయవద్దు. బేస్‌మెంట్ ఉమ్మడి స్థలం. అక్కడ రిపేర్లు కుదరవని బైలాలో ఉంటే మీరు పాటించాల్సిందే, ఉందో లేదో తెలియకపోతే ఆ కాగితం చూపించమని మర్యాదగా అడగవచ్చు. మరమ్మతు చేసినంత మాత్రాన పోలీసు కేసు అవదు. కానీ మూసి ఉన్న బేస్‌మెంట్‌లో, మఫ్లర్ విప్పిన ఐదు లీటర్ల వీ8 ఇంజన్‌ను స్టార్ట్ చేసి చూశారంటే కథ మారుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పక్కన పిల్లలు సైకిల్ తొక్కుతుంటారు. అదే న్యాయ సంహితలో, ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి 125వ సెక్షన్, ప్రజలకు ఇబ్బంది కలిగించినందుకు 292వ సెక్షన్ ఉండనే ఉన్నాయి. ఆరుబయట చోటు కోసం అసోసియేషన్‌కు ఒక ఉత్తరం రాయండి, ఆదివారం పగటిపూట రెండు మూడు గంటలు చాలు. ఇవ్వకపోతే తెలిసినవాళ్ల ఇండిపెండెంట్ ఇంటి ఆవరణలో చేసుకోండి.

మీరు అడగకపోయినా మరో సంగతి. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం అక్కడి నంబరుకు దరఖాస్తు చేయాలి. మీకు ఏడాదిన్నర అయింది. చప్పుడు విని ఆపిన పోలీసు మొదట చూసేది నంబరు ప్లేటునే. తెలంగాణ ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ తెప్పించుకునే పని ఈ వారమే మొదలుపెట్టండి. ఇక్కడి ఆర్టీఓ తనిఖీకి కారు తీసుకెళ్లే రోజుకు కొత్త మఫ్లర్లు బిగించి ఉండాలి. విడిపోయిన అతుకులతో తీసుకెళ్లవద్దు.